పాలపొడి డబ్బాలో బార్బడోస్

మస్కట్‌లో ఖురం అనే చోట ఉన్న ఒక సూపర్‌మార్కెట్‌లో, ఆ శుక్రవారం సాయంత్రం, అరలో మిగిలింది ఒకే ఒక్క పెద్ద పాలపొడి డబ్బా. దాని మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

ఒక చేయి లింబాద్రిది. ఘాలాలో కంపెనీ రూమ్‌లో ఉంటూ బిల్డింగ్ సైట్‌లో పని చేసే నిజామాబాద్ జిల్లా కుర్రాడు. రెండో చేతికి ఎర్రగాజులున్నాయి. గాజుల వెంట చూపు పైకి పోనిస్తే, మండిపోతున్న రెండు కళ్లు కనిపించాయి.

"వదులు," అన్నాయి ఆ కళ్లు. అంటే, వాటి కింద ఉన్న నోరు అంది.

"నువ్వే ఇడువు. గా మూల కెల్లి దీన్నే సూస్కుంట వస్తున్న."

"చూచ్చే నీదైపోతుందా? ఆ లెక్కన ఈ అంగడంతా నాదే. ఎంతసేపట్నుంచో చూచ్చాండా."

లింబాద్రి మొహం వెలిగిపోయింది. "తెలుగామెవా?"

"కాదు, చీనా దేశం. డబ్బా వదులయ్యా సామీ! మా మామా ఈ పాలపొడి వేస్తే తప్ప చాయ్ తాగదు."

"మామనా? అంటే... నీకు పెండ్లయిందా?" లింబాద్రి గొంతు ఎందుకో ఉన్నట్టుండి నీరసపడింది.

"మామ కాదబ్బా, మామా. నేను పనిచేసే ఇంటి ముసలామె. ఈ దేశంలో యజమానురాలిని అట్లనే పిలుస్తారు. నీకు తెలీదా?"

"మా సైట్ల మామాలుండరు. ఫోర్మన్‌లుంటరు." అతని ఊపిరి తిరిగి దారిలో పడింది. "నాకు సుత కావాలె. మా అక్క కొడుకు పసిపోరడు. ఊరికి పోయేటోళ్లతోని పంపాలె."

పసిపోరడు అనేసరికి ఆమె పట్టు కొంచెం సడలింది. కొంచెమే. డబ్బాను చెరో పక్కా పట్టుకుని, చెరో మాటా అనుకుంటూ ఇద్దరూ కౌంటర్ దాకా నడిచారు. క్యాషియర్ వాళ్లను చూసి చిరునవ్వు నవ్వాడు. ఇంత హక్కుగా పోట్లాడుకునేవాళ్లు మొగుడూ పెళ్లాలు కాక ఇంకెవరవుతారు? డబ్బాకో లక్కీ డ్రా కూపన్ ఉంది. "నేమ్?" అని అడిగాడు.

"లింబాద్రి!"

"మల్లీశ్వరి!"

ఒక్క నోటితో అరిచినట్టే అరిచారు. క్యాషియర్ రెండు పేర్లూ ఒకే కూపన్ మీద రాసి పెట్టెలో పడేశాడు. ఆ తర్వాత, పోట్లాట ఇంకా తెగకపోయేసరికి, పాలపొడిని సగం సగం చేసి, ఒక సగాన్ని ప్లాస్టిక్ కవర్లో పోసి లింబాద్రికి ఇచ్చాడు. డబ్బా మల్లీశ్వరితో వెళ్లిపోయింది. లింబాద్రి కవర్ పట్టుకుని, కంపెనీ బస్సు హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.

కొన్నాళ్లకు సబ్బుల కోసం మళ్లీ వెళ్తే, అదే క్యాషియర్ కౌంటర్ దూకినంత పని చేసి అతని చెయ్యి పట్టుకుని మేనేజర్ గదిలోకి లాక్కెళ్లాడు. అక్కడ మల్లీశ్వరి కూర్చుని ఉంది, మెడలో కాగితప్పూల దండతో. అలాంటిదే ఇంకో దండ లింబాద్రి మెడలో పడింది.

"కంగ్రాచ్యులేషన్స్!" అన్నాడు మేనేజర్. "మొదటి బహుమతి! దంపతులకు బార్బడోస్ ట్రిప్! వారం రోజులు!"

"ఇదేమో తప్పు జరిగినట్టుంది," అంది మల్లీశ్వరి పళ్ల మధ్య నుంచి. తర్వాత మేనేజర్‌కు ఈయన నా మొగుడు కాదని తనకొచ్చిన హిందీలో చెప్పింది: "సాబ్, యే మేరా ఆద్మీ నహీ."

మేనేజర్ పగలబడి నవ్వాడు. వాళ్లావిడ కూడా కోపం వచ్చినప్పుడు అచ్చం అదే మాట అంటుందట. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. కంపెనీ ఓనర్ స్వయంగా టికెట్లు ఇవ్వడానికి వస్తున్నాడు. పోస్టర్లు అచ్చుకు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఏదైనా తేడా వస్తే తన ఉద్యోగం ఉండదు. ఆ చివరి మాట అన్నప్పుడు అతని కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

బయటికొచ్చాక మల్లీశ్వరి దండ తీసేసింది. "వచ్చే శుక్రవారం వచ్చి నిజం చెప్పేద్దాం."

"చెప్పేద్దాం," అన్నాడు లింబాద్రి. దండ మాత్రం తియ్యలేదు.

ఆ రోజు ఘాలా రూమ్‌లో పెద్ద చర్చ జరిగింది. అసలు బార్బడోస్ ఎక్కడుంది?

"వెస్టిండీస్ల," అన్నాడు రూమ్‌లో అందరికంటే పెద్దవాడు భూమయ్య. "క్రికెట్ టీమ్ లేదా? గా బౌలర్లు అందరు గాడోళ్లే."

"వెస్టిండీస్ ఏడున్నది?"

"పేర్లనే ఉన్నది కదరా. ఇండియాకు వెస్ట్. బొంబాయి దాటినంక."

"బొంబాయి దాటినంక మనమే ఉన్నం గద కాకా."

భూమయ్య కాసేపు ఆలోచించి, "అట్లయితే ఇంకింత దాటినంక," అని చర్చ ముగించాడు.

*

మరుసటి శుక్రవారం నిజం చెప్పడానికి వెళ్లిన ఇద్దర్నీ మేనేజర్ మేడ మీది గదికి తీసుకెళ్లి, చల్లని మామిడి జ్యూస్ ఇచ్చి, ఇక్బాల్ అనే మనిషికి అప్పగించాడు. ఇక్బాల్‌ది హైదరాబాద్. ట్రావెల్ ఆఫీసులో పని. ఊళ్ల గురించి గంటల తరబడి చెప్పగలడు గానీ, ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఒమన్‌లోనే ఉన్న సూర్ దాటి ఎక్కడికీ పోలేదు. మొదటిసారి దేశం దాటుతున్న దంపతుల్ని తయారు చేసే బాధ్యత అతనిది. దాన్ని ప్రాణంగా తీసుకున్నాడు.

"చూడండి భాయ్, బెహెన్. బార్బడోస్‌లో పహెలీ బాత్, పలకరింపు. దుకాణంలోకి పోయినా, బస్సెక్కినా, ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకుండా పని అడిగితే మర్యాద లేనోళ్లు అనుకుంటారు. బయటికి పోయి మళ్లీ రండి. ప్రాక్టీస్."

పోయి వచ్చారు. లింబాద్రి మల్లీశ్వరి వైపు చూసి "గుడ్ మార్నింగ్" అన్నాడు.

"నాకు కాదు, ఆయప్పకు చెప్పు."

"నీకు సుత చెప్తే ఏం బోయింది?"

ఇక్బాల్ వాళ్లను పదే పదే తలుపు దాటించాడు. తర్వాత ట్రాలీ తెప్పించాడు. బార్బడోస్‌లో మన ఇండియాలో లాగే బండ్లు ఎడమ పక్కన పోతాయి. మస్కట్‌కు వచ్చాక కుడి పక్కకు అలవాటు పడ్డ లింబాద్రి, కిందికి దిగి సరుకుల అరల మధ్య ఎడమ పక్కగా ట్రాలీ తోస్తూ ఎదురొచ్చిన ప్రతి మనిషినీ గుద్దాడు. మల్లీశ్వరి వెనకాలే నడుస్తూ, గుద్దించుకున్నవాళ్లందరికీ గుడ్ మార్నింగ్ చెప్పింది.

తుపాను పాఠానికి ఇక్బాల్ స్టాండు ఫ్యాన్‌ను ఫుల్ స్పీడులో పెట్టాడు. "జూన్ నుంచి నవంబర్ దాకా ఇట్లా గాలి! ఏం చేస్తారు?" లింబాద్రి తడుముకోకుండా వెళ్లి ఫ్యాన్ ఆపేశాడు. మల్లీశ్వరి నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. ఆ వారమంతా సైట్‌లో లింబాద్రికి ఆ కుర్చీ చప్పుడే వినిపించింది.

ప్రతి శుక్రవారం మెట్లెక్కుతూ "ఈవారం చెప్పేద్దాం" అనేది మల్లీశ్వరి. దిగుతూ "వచ్చేవారం పక్కా" అనేవాడు లింబాద్రి. మామిడి జ్యూస్ కోసమే ఆగుతున్నామని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఒకరోజు లింబాద్రి తన దగ్గరున్న ఒకే ఒక మంచి చొక్కా వేసుకొచ్చాడు. పచ్చటి మచ్చలు, గోధుమ మచ్చలు ఉన్న మిలిటరీ చొక్కా. ఇక్బాల్ గుండె పట్టుకున్నాడు.

"ఉతారో! తీసేయండి భాయ్! బార్బడోస్‌లో మిలిటరీ డిజైన్ బట్ట మామూలు మనుషులు వేసుకుంటే నేరం! పోలీస్ కేస్!"

"చొక్కాకు కేసా?" మల్లీశ్వరి నమ్మలేకపోయింది.

"ఇంకోటి వినండి. సముద్రం ఒడ్డున ఒక చెట్టు ఉంటుంది. కాండానికి ఎర్ర రంగు పూస్తారు. వానొచ్చినప్పుడు దాని కింద నిలబడితే కారే నీళ్లకు ఒళ్లంతా బొబ్బలు."

"చొక్కా వేసుకుంటే జైలు, చెట్టు కింద నిలబడితే బొబ్బలు. ఇట్లాంటి ఊరికి టికెట్ పెట్టుకుని మరీ ఎవరు పోతారయ్యా?"

"మనం పోతున్నం," అన్నాడు లింబాద్రి. ఆ "మనం" అనే మాట గదిలో కాసేపు ఎవరికీ చెందకుండా తిరిగింది.

మరుసటి వారం మల్లీశ్వరి ఒక నీలం చొక్కా తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "మామా వాళ్ల మనవడిది. పొట్టిదైందని ఇచ్చేసినారు. చేతులు విప్పి కుట్టినా. ఏం అనుకోవాక, పోలీసోళ్లు నిన్ను పట్టుకుంటే నేనొక్కదాన్ని యాడ తిరగాల ఆ ఊర్లో?"

*

చివరి పాఠం ఇంటర్వ్యూ. ఏ ఎయిర్‌పోర్టులోనైనా అధికారి నిలదీస్తే తడబడకూడదని ఇక్బాల్ కోటు వేసుకుని, బల్ల వెనక కూర్చుని, మొహం కఠినంగా పెట్టాడు.

"పెళ్లి ఎక్కడ జరిగింది?"

"రాజంపేటలో," అంది మల్లీశ్వరి.

"ఆర్మూర్ల," అన్నాడు లింబాద్రి అదే క్షణంలో.

"రెండు చోట్లా జరిగింది సార్," అంది ఆమె వెంటనే. "ఒకచోట సరిగ్గా కుదర్లా."

ఇక్బాల్ కనుబొమలు ముడుచుకుని లింబాద్రి వైపు తిరిగాడు. "నీ భార్య ఎట్లాంటి మనిషి? చెప్పు."

లింబాద్రి గొంతు సవరించుకున్నాడు. "సార్, కోపం ముందుగాలొస్తది, నవ్వు ఎన్కొస్తది. నవ్వొస్తే నోటికి కొంగు పెట్టుకుంటది, కనబడద్దని. కనబడుతది. జ్యూస్ సగమే తాగుతది. మిగిలింది నా గ్లాసుల పోస్తది, నేను సూస్తలేననుకుంటది. ఎవలన్న పసిపిల్లల మాట తీస్తే ఎంత లొల్లైనా బంద్ జేస్తది." ఆగి, నేల వైపు చూశాడు. "ఇంత చాలా సార్?"

గదిలో ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. ఇక్బాల్ కోటు గుండీలు విప్పుకుంటూ, "పాస్," అన్నాడు చిన్నగా. "నేనైతే స్టాంప్ కొట్టేస్తా."

కిందికి దిగేసరికి మస్కట్‌లో వాన. ఆ ఊళ్లో వానంటే ఆషామాషీ సంగతి కాదు. ఆఫీసుల్లోంచి మనుషులు బయటికొచ్చి ఆకాశం వైపు చూస్తున్నారు. కార్లు హారన్లు కొడుతున్నాయి, సంతోషంతో.

ఇద్దరూ పార్కింగ్ పక్కనున్న వేపచెట్టు కిందికి పరుగెత్తారు.

"నీకో మాట చెప్పాల," అంది మల్లీశ్వరి. "మామా మస్కట్ వదిలి సూర్‌లో పెద్దకొడుకు ఇంటికి పోతాంది. ఈ నెల్లోనే. నేనూ పోవాల."

"సూర్‌కా?" అది కొండలు దాటి, వాగులు దాటి పోవాల్సిన ఊరు. కంపెనీ బస్సు పోయే ఊరు కాదు. "మరి శుక్రారం?"

"సూర్‌లో కూడా శుక్రవారం వస్తుంది. నువ్వే రావు."

ఆకుల మీంచి ఒక చుక్క జారి ఆమె చేతి మీద పడింది. ఇద్దరూ ఆ చుక్క వైపు చూశారు. తర్వాత పైకి, చెట్టు వైపు చూశారు.

"చెట్టు!" అని అరిచింది మల్లీశ్వరి.

అంతే. ఖురంలో ఉన్నామని గానీ, అది వేపచెట్టని గానీ ఇద్దరికీ తట్టలేదు. చేతులు పట్టుకుని జడివానలోకి దూకారు. నడి పార్కింగ్‌లో, నీడ లేని చోట, తడిసి ముద్దై, ఒళ్లు తడుముకుంటూ, "బొబ్బలొచ్చినాయా?" "నీకొచ్చినయా?" అని ఒకరినొకరు అడుగుతుండగా వాళ్ల ముందు ఒక తెల్లకారు ఆగింది.

వెనక సీటు అద్దం దిగింది. లోపల, వానని మల్లీశ్వరిని తీసుకెళ్లడానికి వచ్చిన మామా. పక్కింటివాళ్లందరూ భయపడే, డెబ్బై దాటిన ఒమానీ ముసలమ్మ. స్టీరింగ్ దగ్గర, కడప నుంచి వచ్చిన డ్రైవర్ బాబు మియా కళ్లు మూసుకుని ఏదో దువా చదువుకుంటున్నాడు.

"మిన్ హాదా?" అంది మామా. వీడెవడు అని.

మల్లీశ్వరి నోరు తెరిచేలోగా, గొడుగు పట్టుకుని మెట్ల మీద నుంచి పరుగున వచ్చిన ఇక్బాల్ సగర్వంగా అరబ్బీలో చెప్పేశాడు. "ఆమె భర్త, అమ్మా! ఇద్దరూ బార్బడోస్ పోతున్నారు! ముబారక్!"

*

మామా ఇంటి హాల్లో తివాచీ మీద లింబాద్రి నీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. ఈ క్షణం తర్వాత తన మీదా, మల్లీశ్వరి మీదా ఏం పడుతుందో అతనికి తెలుసు. ఇద్దరినీ చెరో విమానం ఎక్కించి ఇంటికి పంపించేస్తారు.

మామాకు నిజంగానే కోపం వచ్చింది. కానీ అది వేరే కోపం. బాబు మియా తర్జుమా చేశాడు: "నా ఇంట్లో ఉంటూ నాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావా? నాకు అన్నం పెట్టకుండా? హల్వా లేకుండా?"

"మాఫీ జోజ్, మామా!" మల్లీశ్వరి ఏడుపు ఆపుకుంటూ, వంటింటి అరబ్బీలో అంతా చెప్పేసింది. మొగుడు లేడు. పెళ్లి లేదు. పాలపొడి ఉంది. జ్యూస్ ఉంది. అబద్ధం మాత్రం తనదే, ఆ పిల్లోడిని ఏమీ అనొద్దు.

ముసలమ్మ చాలాసేపు మల్లీశ్వరిని చూసింది. తర్వాత చేతికర్ర ఎత్తి లింబాద్రి వైపు చూపించి ఒకటే అడిగింది.

"నీకీ పిల్ల కావాలా వద్దా అంటాంది," అన్నాడు బాబు మియా. "జవాబు నువ్వే చెప్పాలంట. నన్ను చెప్పొద్దంది."

లింబాద్రికి వచ్చిన అరబ్బీ అంతా సైట్‌లో నేర్చుకున్నదే. సిమెంటు, ఇనుము, పని, సెలవు. అందులో ప్రేమకు మాట లేదు. అతను తడి తలను తుడుచుకుని, ఉన్న మాటలన్నీ వెతుక్కుని, నిటారుగా నిలబడ్డాడు.

"కుల్లు యోమ్ షుగల్," అన్నాడు. ప్రతిరోజూ డ్యూటీ. "మాఫీ ఇజాజా." సెలవే లేదు. "అనా... ఖలాస్." నా పని అయిపోయింది.

బాబు మియా మొహం తిప్పుకున్నాడు. మామాకు మొదట గడ్డం వణికింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత తివాచీ మీద కర్ర కొడుతూ నవ్వేసింది. మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి అది నవ్వో ఏడుపో లింబాద్రికి అర్థం కాలేదు.

"నన్నెవురూ అడగలా," అంది ఆమె కొంగు చాటు నుంచే.

లింబాద్రి ఆమె వైపు తిరిగాడు. "మరి... నీకు?"

"అడిగితే కదా చెప్పేది. ఇప్పుడడిగినావు. సరే." అని వంటింట్లోకి పారిపోయింది.

ఇక మిగిలింది పెద్దవాళ్ల దీవెన. మామా తన ఇంటి ఫోన్‌లో రాజంపేట పక్కన టెలిఫోన్ బూత్‌కు కాల్ చేయించి, మల్లీశ్వరి తల్లిని పిలిపించింది. మల్లీశ్వరి ఏడుస్తూ, నవ్వుతూ చెప్పాల్సింది చెప్పి, ఫోన్ లింబాద్రి చేతిలో పెట్టింది.

"అత్తమ్మా, మంచిగున్నరా? నేను లింబాద్రిని. పరేశాన్ గాకుండ్రి. మీ బిడ్డను పైలంగ సూస్కుంట. ఆర్మూర్ దిక్కు మాది."

అవతల కాసేపు గరగర శబ్దం. తర్వాత గట్టిగా వినిపించింది. "మల్లీ! ఏం మాట్లాడతాడే ఈయప్ప? అరబ్బోడినా చేసుకుంటాండేది?"

"తెలుగోడేమ్మా! నిజామాబాద్!"

"తెలుగా అది?" అందావిడ. ఊపిరి తీసుకుని, "సరేలే. రాగిముద్ద తింటాడా?"

"తింటడని చెప్పు," అని గుసగుసలాడాడు లింబాద్రి. "ఏదైనా తింట."

"తింటాడంటమ్మా."

"అయితే మంచోడే. చేసుకో."

మస్కట్ శివాలయంలో పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు తరఫున భూమయ్య, పెళ్లికూతురి తరఫున మామా. ఆమె గుడి బయట కార్లో కూర్చుని, అద్దం దించి, అంతా సరిగ్గా జరుగుతోందా అని బాబు మియాను లోపలికీ బయటికీ పరుగులు పెట్టించింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది సూపర్‌మార్కెట్ మేనేజర్. నిజం తెలిసిన రోజు అతను కుర్చీలో కూలబడ్డాడు. పెళ్లి సంగతి చెప్పాక లేచి తనే హల్వా తెచ్చాడు. ఓనర్ వచ్చాడు, ఫోటో దిగాడు, టికెట్లు ఇచ్చాడు. మామా పెద్దకొడుకు సూర్‌లో కడుతున్న ఇళ్ల పనిలో లింబాద్రికి చోటు ఇప్పించాడు. ట్రిప్ నుంచి రాగానే అక్కడే కాపురం.

*

బ్రిడ్జ్‌టౌన్ బస్‌స్టాండ్‌లో బార్బడోస్ చేరిన రెండో రోజే లింబాద్రి తప్పిపోయాడు.

నీళ్ల సీసా కోసమని పక్కకు వెళ్లాడు. దుకాణంలో ప్రతివాడికీ పేరుపేరునా గుడ్ మార్నింగ్ చెప్పేసరికి ఆలస్యమైంది. తిరిగి వస్తే నీలం బస్సులన్నీ ఒకేలా ఉన్నాయి. క్యూలన్నీ ఒకేలా ఉన్నాయి. మల్లీశ్వరి ఏ క్యూలోనూ లేదు.

ఊరు కాని ఊరు. సముద్రాల అవతలి ఊరు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ అతని మొహం చూసి ఆగింది. "గుడ్ మార్నింగ్, సన్. ఆర్ యూ లాస్ట్?" అంది, దారి తప్పావా అని.

"మై వైఫ్," అన్నాడు లింబాద్రి. "మై వైఫ్ మేడమ్..." ఆ తర్వాత ఇంగ్లీషు రాలేదు. చేతులతో గాజులు చూపించాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూపించాడు. కళ్లు ఉరిమి చూడటం చూపించాడు. పెద్దావిడ మొహం నిండా నవ్వుతూ ఏదో అనబోయింది.

అప్పుడు వినిపించింది. బస్‌స్టాండ్ ఆ చివర నుంచి, ఇంజన్ల మోత మీదుగా, కడప జిల్లా గొంతు.

"ఓ లింబాద్రీ!"

బస్‌స్టాండ్ అంతా అటు తిరిగింది.

"లింబాద్రీ! ఓ లింబాద్రీ! యాడ పొయినావయ్యా!"

క్యూలో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆ పేరు అందుకుని, వాళ్లకొచ్చినట్టు "లింబాడ్రీ!" అని కేక వేశారు. అతను పరుగెత్తాడు. ఆమె ఒక బెంచీ ఎక్కి నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు. అతన్ని చూడగానే దిగి, భుజం మీద ఒక్కటి వేసింది.

"మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తవా? నలుగుట్ల?" అన్నాడు లింబాద్రి ఆయాసపడుతూ.

"మరి 'ఏమయ్యో' అంటే ఈ ఊర్లో ఎవరు పలుకుతారు?" కళ్లు తుడుచుకుంది. "తప్పైతే ఇంక పిలవన్లే."

అతను ఆమె చేతి సంచి అందుకున్నాడు. కాస్త దూరం నడిచాక ఆగాడు.

"ఇంకోపారి పిలువు."

"యేంటికి? దొరికినావు కదా."

"ఊకెనే. మంచిగున్నది."

మల్లీశ్వరి అటూ ఇటూ చూసింది. ఆపైన, ఎవరికీ వినపడకుండా, అతనికి మాత్రమే వినపడేలా, "లింబాద్రీ," అంది.

వాళ్లెక్కాల్సిన బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. దాన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు.